తరుగు

యార్డుకు వేసవి సెలవులిచ్చిన వారంలోనే
నమీబియా వెళ్దామన్నారు తాళ్లూరి వీరభద్రయ్యగారు.
ముప్పై ఏళ్లుగా ఆయన కొట్లో చిట్టా రాస్తున్నాను.
కాశీ అన్నా నమ్మేవాణ్ణి.

రేట్ల కాగితం నా ముందు పడేసి
"నాగుల్‌మీరా, రూపాయల్లోకి దించు" అన్నారు.
దించాను.
జీబ్రా ఇంత. అడవిపంది ఇంత.
మెలికల కొమ్ముల జింకకి అంగుళం పెరిగితే ధర పెరుగుద్ది.
ఈనడం మానేసిన ఆడజింకలు చవక,
మన తాలు రేటు.
చిరుత ఎదురుగా అంకె లేదు, అడిగితే చెబుతారట.
తేజ, బాడిగ, మూడు ముప్పైనాలుగు రాసిన వేళ్లతోనే
ఇవీ రాశాను.
చెయ్యి తేడా పట్టలేదు.

అడుగున చీమంత అక్షరాల్లో ఒక షరతు:
నెత్తురు కనపడితే సొమ్ము కట్టాల్సిందే
జంతువు దొరికినా, దొరక్కపోయినా.
"న్యాయమేగా, తువ్వాలు కింద వేళ్లు కలిశాక
వెనక్కి పోతామా" అని సంతకం పెడుతుంటే
ఎవరో తుమ్మారు.
మిర్చి కొట్లో తుమ్ముకి శకునం లేదు.

నల్లపాడు దాటాక తోటలో నూనె డబ్బాలు పేర్చి కాల్చారు.
కొత్త బూట్లు కరవకుండా
ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ మెట్లు
రోజుకి పదిసార్లు ఎక్కి దిగారు.
వడ్రంగి వచ్చి హాలు గోడ కొలిచి
టేకు పలక బిగించి, మేకు కొట్టి పోయాడు.
ఉత్తినే ఉంది కదా అని
అమ్మగారు దానికి కేలండరు తగిలించబోతే కసిరారు.

అక్కడ మే నెలలో చలి.
నేల మాత్రం మన మార్చి యార్డే, ఎర్రటి దుమ్ము,
కానీ ముక్కు మండదు.
ఆరు రోజులు ఒక్కరూ తుమ్మలేదు.
కాల్చనివాడి పేరనా రోజుకింతని కట్టించుకున్నారు.
చూసినందుకు ఎదురు కూలి ఇచ్చింది
మా ఇంటావంటా నేనొక్కణ్ణే.

జాడ తీసే మనిషి కవారి.
ఆ మెలికల కొమ్ములదాని పేరు చెప్పాడు.
నాకు "కూడు" అని వినపడింది.
మళ్లీ అడిగితే మళ్లీ అదే.
పొద్దుగూకాక వాకిట్లో నిలబడి
మా అమ్మ కేకేసే మాట.

నాలుగోరోజు పొద్దున
ముళ్లచెట్టు నీడలో నిలబడి ఉంది కూడు.
ఒంటి మీద సున్నం కారినట్టు చారలు.
మా వైపు చూసింది,
వేలంలో తన బస్తాల పక్కన నిలబడ్డ రైతులాగా.
అప్పుడు తుపాకీ మోగింది.
నీడ ఉంది. అది లేదు.

కవారి ఒక గడ్డిపరక వంచి చూపించాడు.
మిరపగింజంత నెత్తురు.
అక్కడితో బేరం అయిపోయింది.

రెండు రోజులు వెతికాం.
చుక్కలు లెక్కపెట్టమని నాకెవరూ చెప్పలేదు,
ఇరవై మూడు.
ఆ తర్వాత రాళ్లు మొదలయ్యాయి.
వీరభద్రయ్యగారు ఒక రాతి మీద కూలబడి
బూటు తాళ్లు ఊడదీసుకుంటూ
"బతుకుద్దంటావా?" అన్నారు.
నన్నో, కవారినో.
తెలుగు రాని కవారే
ఎటో చూస్తూ ఏదో చెప్పాడు.

మేమొచ్చేసరికి యార్డు తెరిచారు.
హాల్లో ఆ మేకుకి కేలండరు వేలాడుతోంది.
ఈసారి ఎవరూ కసరలేదు.

ఆడిటరు రాకముందు అడిగాను,
ఆ సొమ్ము ఏ పద్దులో రాయమంటారని.
"నీ ఇష్టం" అన్నారు తల ఎత్తకుండా.
చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను.
కాటా మీద ఉండీ లెక్కలోకి రాకుండా
బస్తా బస్తాకీ మేం కోసుకునేది ఒకటుంది కదా.
రాశాను:
కూడు, ఒకటి. తరుగు.

బయట లారీ దిగుతోంది.
సిరా ఆరకముందే తుమ్మొచ్చింది.